రూడెస్‌హైమ్‌లో ఎక్కి అస్‌మన్స్‌హౌజెన్‌లో దిగండి: రైన్ ఒడ్డు ద్రాక్షకొండల మీద ఒక రోజు నడక

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో రూడెస్‌హైమ్ చూడనివాళ్లు తక్కువ. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మొదటి శనివారం అక్కడికే ప్రయాణం. కేబుల్ కారెక్కి పైకి, పెద్ద విగ్రహం ముందు ఫొటో, అదే కేబుల్ కారులో కిందికి, ఇరుకు సందులో ఐస్‌క్రీమ్, సాయంత్రానికి ఇల్లు. నేనూ రెండుసార్లు అలాగే వెళ్లొచ్చాను. మూడోసారి విగ్రహం దాటి పడమటి వైపు అడవిలోకి నడిచాక గానీ, ఆ కొండ మీదికి రెండున్నర వందల ఏళ్లుగా జనం ఎందుకు ఎక్కుతున్నారో అర్థం కాలేదు.

దారి ఇదీ: రూడెస్‌హైమ్‌లో ద్రాక్షతోటల మధ్య నుంచి ఎక్కాలి, నీడర్‌వాల్డ్ కొండ నెత్తి మీద చెట్ల నీడలో నడవాలి, అవతల అస్‌మన్స్‌హౌజెన్ ఊళ్లో దిగాలి. మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు. నది మట్టం నుంచి విగ్రహం దాకా ఎత్తు దాదాపు 225 మీటర్లు. అలిపిరి మెట్లెక్కినవాళ్లకి ఇది నల్లేరు మీద బండి నడక. మోకాళ్ల పర్వతం లాంటి చోటు ఎక్కడా రాదు. ఆగుతూ, చూస్తూ, తింటూ నడిస్తే నాలుగైదు గంటలు పడుతుంది. గబగబా నడిచి రెండున్నర గంటల్లో ముగించొచ్చు కానీ, అంత తొందరున్న రోజు ఇటు రాకండి.

కొండకన్నా ముందు నది

ఈ కాస్త భూగోళం తెలియకుండా ఎక్కితే పైన కనిపించేది ఉత్త నీళ్లూ పచ్చదనమే.

స్విట్జర్లాండ్ సరిహద్దులోని బాజెల్ దగ్గర మలుపు తిరిగాక రైన్ నది ఉత్తరానికి పారుతుంది. మైన్స్, వీస్‌బాడెన్ దగ్గరికొచ్చేసరికి టౌనుస్ కొండలు అడ్డు నిలుస్తాయి. వాటిని కోయలేక నది పడమటికి తిరిగి, దాదాపు 30 కిలోమీటర్లు కొండల పాదాల వెంబడే పోతుంది. రూడెస్‌హైమ్ దాటగానే సందు దొరికించుకుని మళ్లీ ఉత్తర దిక్కు పడుతుంది. ఆ 30 కిలోమీటర్ల ముక్కకు ఉత్తరపు ఒడ్డునున్న నేలే రైన్‌గౌ.

పడమటికి పారే నదికి ఉత్తరపు ఒడ్డంటే, ఆ వాలు మొత్తం దక్షిణానికి ముఖం పెట్టి ఉంటుంది. ఇక్కడ అక్షాంశం 50 డిగ్రీలు. ద్రాక్ష పండటానికి అది చాలా పైన. అయినా పండుతోందంటే కారణాలు మూడు: ఎండ నేరుగా వాలు మీద పడటం, వెనకున్న టౌనుస్ చలిగాలిని ఆపటం, ముందున్న వెడల్పాటి నది రాత్రిపూట కూడా వెచ్చదనం వదలటం. రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష నెమ్మదిగా, ఆలస్యంగా పండే రకం. దానికి ఇలాంటి చోటే కావాలి. రైన్‌గౌ తోటల్లో మూడొంతులకు పైగా అదే.

నడుస్తూ మీరు చూడబోయేది ఈ మలుపునే. తూర్పున చెరువులా పరుచుకున్న నదిని చూస్తూ మొదలుపెడతారు. పాపికొండల దగ్గర గోదావరి సన్నబడినట్టు సన్నబడి కొండల్లోకి దూరిన నదిని చూస్తూ ముగిస్తారు. తూర్పు నుంచి పడమటికే నడవమని చెప్పేది అందుకే.

ఎప్పుడు వెళ్లాలి, ఏం మోయాలి

నా లెక్కలో సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు చివరిదాకా ఉన్న రోజులే రోజులు. ఆకులు పసుపెక్కుతాయి, కోతలు జరుగుతుంటాయి, ఎండ చురుక్కుమనదు. రెండో ఎంపిక మే నెల. జులై, ఆగస్టుల్లో వెళ్లక తప్పకపోతే తొమ్మిదింటికల్లా తోటల్లో ఉండండి. ఎక్కే దారిలో గొడుగంత నీడ కూడా ఉండదు, రాతినేల పెనంలా కాలుతుంది. ఒక ఆగస్టు మధ్యాహ్నం పన్నెండింటికి అర లీటరు నీళ్లతో బయల్దేరి, సగం దారిలో ఒక రాతిగోడ పక్కన కూలబడ్డాను. "జర్మనీ ఎండ ఎంతలే" అనుకున్న హైదరాబాదీ పొగరు ఆ రోజుతో దిగిపోయింది.

చలికాలంలోనూ అడవి దారి బాగుంటుంది. కాకపోతే అస్‌మన్స్‌హౌజెన్ వైపు కుర్చీ లిఫ్టు అప్పుడు నడవదు, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది.

మనిషికి లీటరున్నర నీళ్లు చాలు. ఆదివారం అయితే అవి ముందురోజే కొనుక్కోవాలి, జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని కొత్తగా వచ్చినవాళ్లకి గుర్తుండదు. బూట్లకి అడుగున పట్టుండాలి. ఎక్కేటప్పుడు మామూలు స్పోర్ట్స్ షూ సరిపోతుంది గానీ, దిగేటప్పుడు తడి ఆకుల కింద పలకరాయి ఉంటే కాలు జారుతుంది. ఎండాకాలమైనా పొడుగు ప్యాంటే మేలు, గడ్డి అంచుల్లో పిడుదులు ఉంటాయి. వాటిని ఇక్కడ త్సెకెన్ అంటారు. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చంకల్లో ఒకసారి చూసుకోండి. ఉల్లిపాయల ఆమ్లెట్టు, పులిహోర లాంటివి కట్టుకెళ్తే విగ్రహం దగ్గర బల్లల మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

మొదటి అంచె: స్టేషన్ నుంచి విగ్రహం దాకా

ఫ్రాంక్‌ఫర్ట్ ప్రధాన స్టేషన్‌లో ఆర్‌బీ 10 రైలెక్కండి. వీస్‌బాడెన్ మీదుగా గంటా పావులో రూడెస్‌హైమ్. డాయిచ్‌లాండ్ టికెట్, అంటే దేశమంతా లోకల్ రైళ్లకి చెల్లే నెలవారీ పాసు, ఉన్నవాళ్లకి వేరే ఖర్చు లేదు. వీస్‌బాడెన్ దాటాక రైలు వెళ్లే దిక్కుకి ఎడమ కిటికీ పక్కన కూర్చోండి, నది అటే కనిపిస్తుంది. కారులో రావద్దంటాను. రైలుపట్టాలు ఊరికీ నదికీ మధ్య నుంచి పోతాయి. గేటు పడిందంటే ఒకదాని వెనక ఒకటి గూడ్సు బళ్లు పోతూనే ఉంటాయి. పైగా ఎక్కే చోటు, దిగే చోటు వేరు కాబట్టి కారు ఉన్నా దాని కోసం వెనక్కి రావాల్సిందే. ఇక వైన్ తాగే ఆలోచన ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

స్టేషన్ ఊరికి పడమటి కొసన ఉంటుంది. బయటికొచ్చి ఊరి నడిబొడ్డు వైపు నడిస్తే డ్రోసెల్‌గాసె వస్తుంది. 144 మీటర్ల పొడుగు, రెండు చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయేమో అనిపించే సందు. పొద్దున పదికి ముందు ఖాళీగా ఉంటుంది, అప్పుడే చూసేయండి. మధ్యాహ్నానికి ఓడలు దిగిన జనంతో తిరునాళ్లవుతుంది. ఆ సందు పైకొసన ఓబర్‌స్ట్రాసె అనే వీధి, ఆ వీధిలోనే కేబుల్ కారు స్టేషన్. అక్కడి నుంచి నీలం పలక మీద తెల్లటి ఆర్ అక్షరం వెతకండి. అది రైన్‌స్టైగ్ గుర్తు. వీస్‌బాడెన్ నుంచి బాన్ దాకా 320 కిలోమీటర్లు సాగే ఈ నడకదారిని 2005లో తెరిచారు. మీరు నడవబోయేది అందులో చిన్న ముక్క. పసుపు పలక కనిపిస్తే అది ఆ దారికి చేర్చే పిల్లదారి, అసలు దారి కాదు.

తోటల్లో దారులు చాలా ఉంటాయి. ట్రాక్టర్ల కోసం వేసినవి కాబట్టి వెడల్పుగా, అడ్డంగా పోతుంటాయి. గందరగోళం అక్కర్లేదు: విగ్రహం పైన కనిపిస్తూనే ఉంటుంది, కేబుల్ కార్లు నెత్తి మీద పోతూనే ఉంటాయి. ఏ దారి పట్టినా, మలుపుల్లో పైకి పోయేదాన్ని ఎంచుకుంటే గంటలోపు చేరతారు.

ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరగండి. ఎక్కేటప్పుడు వీపు నది వైపు ఉంటుంది, చాలామంది పైకి వెళ్లేదాకా చూడనే చూడరు. మొదటి మలుపులో ఊరి పెంకులే కనిపిస్తాయి, రెండో దాంట్లో నది, మూడో దాంట్లో నదిలో లంకలు, ఆ తర్వాత అవతలి ఒడ్డున రైన్‌హెసెన్ మైదానం.

మా నాన్నని తీసుకెళ్లినప్పుడు ఆయన చూసింది నదిని కాదు, తీగల్ని. మేడ్చల్ పక్కన అనాబ్ షాహీ ద్రాక్షతోటలు చూసి పెరిగిన మనిషి. రెండు వరసల మధ్య నిలబడి, "పందిరి లేదేందిరా? తీగ నేల మీద నిలబడితే కాయ ఎట్ల కాస్తది?" అన్నారు. మన ఎండకి పందిరి కావాలి, ఆకుల కింద గుత్తి నీడన వేలాడాలి. ఇక్కడ ప్రతి ఆకుకీ దొరికినంత ఎండ అందాలి, అందుకే తీగల్ని ఇనుప తీగల మీద గోడలా నిలబెట్టి, వరసల్ని వాలు వెంబడి దించుతారు. గుత్తులు మోకాలి ఎత్తులో ఉంటాయి, రాయి పగలంతా తాగిన వేడి రాత్రికి వాటికి తగులుతుంది. నాన్న ఒక పలకరాయి ముక్క ఎత్తి చెంపకి ఆనించుకుని చూశారు. సాయంత్రం ఆరవుతోంది, ఇంకా వెచ్చగానే ఉంది.

రెండు జాగ్రత్తలు. గుత్తులు చేతికందేంత దగ్గరుంటాయి, కోయకండి. అది ఒకరి పంట, దొంగతనమే అవుతుంది. కోతల ముందు కొన్ని దారులకి అడ్డంగా మూసివేత బోర్డు పెడతారు. అలాంటప్పుడు పక్కదారి చూసుకోవాలి. ఇక తోటల మధ్య రాళ్ల మీద చెక్కిన పేర్లు కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి: బెర్గ్ రోట్‌లాండ్, బెర్గ్ రోజెనెక్, బెర్గ్ ష్లోస్‌బెర్గ్. సాయంత్రం పనికొస్తాయి.

పిల్లలో, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లో వెంట ఉంటే ఈ అంచె మాత్రం కేబుల్ కారులో వెళ్లండి. ఇద్దరు కూర్చునే చిన్న పెట్టె, అద్దాలుండవు, పది నిమిషాల్లో పైన ఉంటారు. 1884 నుంచి ఇక్కడ పళ్లచక్రాల రైలు నడిచేది, యుద్ధంతో అది పోయాక 1954లో ఈ తీగమార్గం వచ్చింది.

విగ్రహం దగ్గర

నీడర్‌వాల్డ్ స్మారకం మొత్తం ఎత్తు 38 మీటర్లు. పైనున్న స్త్రీమూర్తి గెర్మానియా, జర్మనీకి ప్రతీక. 1870-71లో ఫ్రాన్స్‌తో యుద్ధం గెలిచి జర్మన్ సామ్రాజ్యం ఏర్పడ్డందుకు గుర్తుగా శిల్పి యోహానెస్ షిల్లింగ్ చేశాడు. 1877లో పునాదిరాయి, 1883 సెప్టెంబరు 28న ఆవిష్కరణ. ఆ రోజు చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్‌తో సహా రాచకుటుంబం మొత్తాన్నీ పేల్చేయాలని అరాచకవాదులు డైనమైట్ పెట్టారు. రాత్రి వాన పడి వత్తి నానిపోయింది, అంటుకోలేదు. పథకం వేసిన ఆగస్ట్ రైన్స్‌డోర్ఫ్‌కి 1885లో మరణశిక్ష అమలు చేశారు. తడవని వత్తి కొనడానికి నాలుగు డబ్బులు వెనకాడారట.

విగ్రహం ముఖ్యమని నాకనిపించదు. యుద్ధగర్వం అంతా కంచులో పోసినట్టుంటుంది. దానికి వీపు పెట్టి అరుగు మీద నిలబడండి. ఎడమ చేతి వైపు తూర్పు, పైన చెప్పిన 30 కిలోమీటర్ల నది. ఎదురుగా బింగెన్ ఊరు, దాని పైన రోకుస్‌బెర్గ్ కొండ మీద గుడి. కుడి చేతి వైపు నాహె అనే ఉపనది వచ్చి కలుస్తుంది. ఇక్కడే చాలామంది వెనుదిరుగుతారు.

రెండో అంచె: అడవి, ఒక జమీందారు సరదాలు

విగ్రహం పక్కన గుండ్రటి గుడి ఆకారంలో ఒక మండపం ఉంటుంది. 1788 నాటిది, 1944లో బాంబుదాడిలో పోయింది, 2006లో మళ్లీ కట్టారు. దాన్ని దాటి పడమటికి వెళ్లే అడవి దారి పట్టండి. ఇక్కడి నుంచి వేటమహల్ దాకా రెండు, రెండున్నర కిలోమీటర్లు. దాదాపు సమతలం, పూర్తిగా నీడ.

ఈ అడవి అడవిలా కనిపించే తోట. 18వ శతాబ్దంలో ఓస్టైన్ ప్రభువు కార్ల్ మాక్సిమిలియన్ తన వేటమహల్ చుట్టూ దీన్ని తీర్చిదిద్దించాడు. నడిచేవాణ్ణి చెట్ల చీకట్లో కాసేపు తిప్పి, ఉన్నట్టుండి ఒక చోట లోయని తెరిచి చూపించడం ఆయన సరదా. రైన్ అందాల మీద కవులూ చిత్రకారులూ ఎగబడటానికి ఒక తరం ముందే ఆయన ఈ పని చేయించాడు.

మొదట నాహెబ్లిక్ వస్తుంది. పేరుకి తగ్గట్టే నాహె నది కలిసే చోటు సూటిగా కనిపిస్తుంది. రెండు నిమిషాలు చూసి కదలండి, దీనికన్నా మంచిది ముందుంది.

దాని పేరు రోసెల్. కొండ అంచున శిథిలమైన కోట బురుజు. నిజానికి ఎన్నడూ కోట కాదు, శిథిలంగానే కట్టారు! పాడుబడ్డ కోట ఉంటే దృశ్యం రక్తి కడుతుందని ఓస్టైన్ గారి ఊహ. ఈ దారి మొత్తంలో ఒక్కచోటే కూర్చోవాలంటే ఇక్కడ కూర్చోండి, అరగంటకి తక్కువ కాకుండా. కాళ్ల కింద నిట్టనిలువు వాలు, ఆ వాలు మీద తోటలు, తోటల నడుమ ఎరెన్‌ఫెల్స్ కోట. ఇది మాత్రం నిజం శిథిలం: 13వ శతాబ్దంలో మైన్స్ ఆర్చిబిషప్పుల కోసం కట్టినది, 1689లో ఫ్రెంచి సేనలు కూల్చినది. దానికి సూటిగా నది మధ్య లంక మీద తెల్లగా ఒంటి బురుజు, మొయిజెటుర్మ్, ఎలుకల బురుజు. కోటా బురుజూ కలిసి పడవల దగ్గర సుంకం గుంజేవి.

ఎలుకల కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. కరువు కాలంలో హాటో అనే ఆర్చిబిషప్పు ధాన్యం దాచుకున్నాడట. అడగొచ్చిన పేదల్ని కొట్టంలో పెట్టి నిప్పంటించి, వాళ్ల కేకలు విని "నా ఎలుకలు కిచకిచమంటున్నాయి" అన్నాడట. ఆ రాత్రే వేల ఎలుకలు తరిమితే ఈ బురుజులోకి పారిపోయాడు. అవి ఈదుకుంటూ వచ్చి అతణ్ణి తినేశాయి. ఇది కథే. సుంకానికి పాత జర్మన్ మాట మౌట్, అదే జనం నోట్లో మౌస్ అయిందని ఒక వివరణ ఉంది. సుంకం వసూలు చేసేవాడి మీద జనానికి ఎంత కడుపుమంట ఉంటే ఇలాంటి కథ పుడుతుందో మనకి ఒకరు చెప్పాలా!

బురుజు దగ్గర నీళ్ల మీద తెల్లటి నురగ గీతలు గమనించండి. అది బింగెర్ లోఖ్. గట్టి స్ఫటికశిల నదికి అడ్డంగా పడుకుని ఉన్న చోటు. పూర్వం పడవలకి గండం, 19వ శతాబ్దంలో రాయి పేల్చి దారి వెడల్పు చేశారు. చెరువులా ఉన్న నది సరిగ్గా ఇక్కడే కనుమలోకి దూరుతుంది. ఇక్కడి నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న 65 కిలోమీటర్ల లోయకు 2002లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ లోయ గుమ్మం మీద మీరు కూర్చుని ఉన్నారన్న మాట.

రోసెల్ తర్వాత త్సౌబర్‌హ్యోలె, మాయగుహ. ఇదీ ఓస్టైన్ పనే. వంకరగా పోయే చీకటి సొరంగంలో తడుముకుంటూ నడిస్తే కొసన కిటికీలున్న చిన్న గదిలోకి వచ్చి పడతారు, కంటి నిండా వెలుగూ లోయా. ఫోను టార్చి వేయకండి, వేస్తే ఆయన పడ్డ శ్రమంతా వృథా. పిల్లలు ముందు ఏడుస్తారు, తర్వాత ఇంకోసారి పోదామంటారు.

ఇంకాస్త నడిస్తే యాగ్డ్‌ష్లోస్, వేటమహల్. ఇప్పుడు హోటలు.

మూడో అంచె: దిగడం

రెండు దారులు. వేటమహల్ దగ్గర కుర్చీ లిఫ్టు ఉంది, వసంతం నుంచి అక్టోబరు దాకా నడుస్తుంది, తోటల మీదుగా కాళ్లు ఊపుకుంటూ అస్‌మన్స్‌హౌజెన్‌లో దిగొచ్చు. లేదా రైన్‌స్టైగ్ గుర్తులు పట్టుకుని ముప్పావు గంట నడక. నడక కష్టం కాదు గానీ మోకాళ్ల పని ఎక్కువ. ఎక్కేటప్పుడు నడిచి, దిగేటప్పుడు లిఫ్టులో కూర్చోవడం నా పద్ధతి. జనం దీనికి తలకిందులుగా చేసి, మర్నాడు ఆఫీసు మెట్లు దిగలేక గోడ పట్టుకుంటారు.

కేబుల్ కారు, కుర్చీ లిఫ్టు, వెనక్కి పడవ మూడూ కలిపి ఒకే టికెట్‌గా కూడా అమ్ముతారు. పెద్దవాళ్లతో వచ్చినప్పుడు అదే హాయి.

అస్‌మన్స్‌హౌజెన్ నుంచి రూడెస్‌హైమ్ రైలులో ఒక్క స్టేషనే. ఓపిక మిగిలినవాళ్లు కింది తోటల దారిన ఎరెన్‌ఫెల్స్ గోడల పక్కగా నడిచి తిరిగి రావచ్చు. అది దాదాపు ఐదు కిలోమీటర్లు, ఒక్క చెట్టు నీడ లేదు, సాయంత్రపు ఎండలో మాత్రం తోటలన్నీ బంగారు రంగుకొస్తాయి.

అడవిలో ఎవరికైనా కాలు బెణికితే 112కి ఫోన్ చేయండి. దారి పక్కన సహాయక స్థలం బోర్డుల మీద ఒక సంఖ్య ఉంటుంది, అది చెబితే ఎక్కడున్నారో వాళ్లకి తెలిసిపోతుంది. ఆ బోర్డు కనిపించినప్పుడల్లా ఒక ఫొటో తీసుకోవడం నాకు అలవాటైంది.

తిండి, గ్లాసు

రైన్‌గౌ అంతా తెల్లవైన్ అయితే అస్‌మన్స్‌హౌజెన్ ఒక్కటే ఎర్రవైన్ ఊరు. ఇక్కడ పలకరాయి నేల మీద ష్పేట్‌బుర్గుండర్, అంటే పీనో న్వార్, పండిస్తారు. హ్యోలెన్‌బెర్గ్ అన్న వాలు పేరు మోసింది. ఆ పేరుకి నరకపు కొండ అనే అర్థం తోస్తుంది, ఆగస్టులో ఎక్కితే సరిగ్గానే పెట్టారనిపిస్తుంది.

తాగాలనుకుంటే పెద్ద రెస్టారెంట్లు వదిలేసి ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ వెతకండి. ద్రాక్ష రైతు ఏడాదిలో కొన్ని వారాలు తన ఇంట్లోనే సొంత వైన్ పోసే చోటు. గుమ్మానికి కొమ్మల గుత్తి కట్టి ఉంటే తెరిచారని అర్థం. పొద్దున తీసిన ఫొటోలు ఇప్పుడు బయటికి తీయండి. మీరు నడిచిన వాలు పేరే జాబితాలో కనిపిస్తుంది. అదే తెమ్మనండి, 0.1 లీటరు చాలు. ట్రోకెన్ అంటే తీపి లేనిది, ఫైన్‌హెర్బ్ అంటే కాస్త తీపి తగిలేది. మొదటిసారి తాగేవాళ్లకి ట్రోకెన్ రీస్లింగ్ పుల్లగా, చింతకాయ కొరికినట్టు ఉంటుంది, ఫైన్‌హెర్బ్‌తో మొదలుపెట్టడం మంచిది. తాగనివాళ్లు ట్రౌబెన్‌జాఫ్ట్ అడగండి, అదే తోట ద్రాక్షరసం. బాటిళ్లలో దొరికేదానికీ దీనికీ పోలిక లేదు.

శాకాహారులు ష్పుండెకేస్ తెప్పించుకోండి, మెత్తటి చీజ్‌లో ఉల్లిపాయ, మిరపపొడి కలిపి ప్రెట్జెల్‌తో ఇస్తారు. ఉల్లిపాయ టార్ట్, ఫ్లామ్‌కూహెన్ పేర్లు అమాయకంగా ఉన్నా చాలాసార్లు లోపల పంది మాంసం ముక్కలుంటాయి. "ఓనె ష్పెక్" అని గట్టిగా చెప్పాలి.

శరత్కాలంలో వెళితే ఫెడర్‌వైసర్ వదలొద్దు. పిండిన రసం ఇంకా పొంగుతుండగానే పోస్తారు, మడ్డిగా, తియ్యగా ఉంటుంది. తాటికల్లు తెలిసినవాళ్లకి కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు: పొద్దున తీపి, సాయంత్రానికి ఘాటు, రెండు గ్లాసుల తర్వాత రైలు వేళ గుర్తుండదు. ఇంటికి ఒక బాటిల్ కొంటారు, అందరూ కొంటారు. పొంగు బయటికి పోవాలి కాబట్టి దాని మూత బిగించరు. బ్యాగులో పడుకోబెట్టకండి, ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒళ్లో నిలబెట్టి పట్టుకుని కూర్చోండి.